ముప్పై వేల లోపు రోడ్ బైకు: ఒంగోలు–టంగుటూరు దారికి, మన ఎండకు, మన ముళ్ళకు

మీ ప్రశ్నలోని సంగతి ఇది. మీరు ఒంగోలులో ఉంటూ టంగుటూరు దగ్గరి పాఠశాలలో పనిచేస్తున్నారు. పోనూ రానూ నలభై కిలోమీటర్లు వారానికి రెండు మూడు రోజులైనా సైకిలు మీద వెళ్ళాలని, ఆదివారాలు కొత్తపట్నం సముద్రం దాకా వెళ్ళి రావాలని అనుకుంటున్నారు. చేతిలో ముప్పై వేలు ఉన్నాయి. సన్న టైర్లూ కిందికి వంగిన హ్యాండిలూ ఉన్న రోడ్ బైకు మన రోడ్ల మీద నిలుస్తుందా, చెడిపోతే మన ఊళ్ళో బాగుచేసేవారు దొరుకుతారా, దీనికంటే స్ప్రింగులున్న లావు టైర్ల గేరు సైకిలు మేలా, పాత సైకిలు కొనవచ్చా అన్నవి మీ అనుమానాలు. నెల్లూరులో చాలా ఏళ్ళుగా చౌక రోడ్ బైకు మీదనే తిరుగుతున్నవాడిగా చెబుతున్నాను: కొనండి, కానీ ముప్పై వేలూ సైకిలు మీదే పెట్టకండి. పాతిక వేల లోపు సైకిలు, మిగిలిన అయిదు వేలు పంపుకు, ట్యూబులకు, లైట్లకు, హెల్మెట్టుకు. ఈ తరగతి సైకిలు మన జిల్లాలలో నిలుస్తుందా లేదా అన్నది దాని మీది పేరును బట్టి కాక టైరు వెడల్పును బట్టి, ఫ్రేము మీ ఒంటికి సరిపోవడాన్ని బట్టి, చిన్న రిపేర్లు మీ చేతికి రావడాన్ని బట్టి తేలుతుంది.

ముందు లావు టైర్ల సంగతి. ఈ ధరలో దొరికే స్ప్రింగు ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే భాగం) గుంతల కుదుపును తగ్గించేది కొంచెమే, దాని బరువు మాత్రం రెండు కిలోలకు తక్కువ ఉండదు. మీరు లేచి నిలబడి తొక్కినప్పుడల్లా మీ బలంలో కొంత ఆ స్ప్రింగు నొక్కుకుపోవడానికే ఖర్చవుతుంది. అటువంటి సైకిలు పదిహేను కిలోలు దాటుతుంది, చౌక రోడ్ బైకు పది నుంచి పన్నెండు కిలోలు ఉంటుంది. అయితే మనది చదును నేల కాబట్టి బరువు తేడా కంటే మీ నడుము ఎంత వంగి ఉంటుందన్నదే ఎక్కువ లెక్కలోకి వస్తుంది. ఒంగోలు, నెల్లూరు చుట్టుపక్కల కొండలు ఎక్కే పని లేదు, ఇక్కడ మనం ఎక్కవలసిన కొండ గాలే. గాలి ఒత్తిడి వేగం వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది: గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వెళుతున్న మీకు 10 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలితే మీ ఒంటి మీద పడే గాలి బరువు దాదాపు రెట్టింపు అవుతుంది. నిటారుగా కూర్చుని ఇరవై కిలోమీటర్లు ఆ గాలిని మోసేవాడికీ, వంపు హ్యాండిలు కింది భాగం పట్టుకుని వెళ్ళేవాడికీ ఉండే తేడా టంగుటూరు చేరేసరికి మోకాళ్ళకు తెలుస్తుంది.

గాలి దిక్కు గురించి ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే మీ దారి దాదాపు ఉత్తర దక్షిణంగా ఉంది. ఎండాకాలంలో పొద్దుటి పూట నేల మీది నుంచి పలచటి గాలి ఉంటుంది, మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి ఎక్కువగా ఆగ్నేయం నుంచి వస్తుంది, కనుక సాయంత్రం ఒంగోలుకు తిరిగి వచ్చేటప్పుడు అది మీకు కొంత సాయమే. జూన్, జూలైలలో పడమటి గాలి పక్క నుంచి కొడుతుంది, లారీ మిమ్మల్ని దాటిన క్షణంలో ఆ గాలి ఆగి మళ్ళీ తగలడం వల్ల సైకిలు ఒక్కసారిగా పక్కకు లాగుతుంది, అందువల్ల ఆ రోజులలో హ్యాండిలును గట్టిగా బిగపట్టకుండా మోచేతులు వదులుగా ఉంచుకోవాలి. నవంబరు నుంచి జనవరి దాకా ఈశాన్యపు గాలి మీకు ఇంటి దారిలో ఎదురవుతుంది, ఆ నెలల్లో సాయంత్రం ప్రయాణానికి పదిహేను నిమిషాలు అదనంగా వేసుకోండి. అలవాటు పడ్డాక ఇరవై కిలోమీటర్లకు గంట సమయం సరిపోతుంది.

ఇక కొనే సంగతి. దుకాణంలో అందరూ గేర్ల సంఖ్య అడుగుతారు, మీరు మాత్రం ఈ ఫ్రేములో ఎంత వెడల్పు టైరు పడుతుందని అడగండి. ఈ తరగతి సైకిళ్ళకు 25 లేక 28 మిల్లీమీటర్ల టైర్లు వస్తాయి, మనకు 28 కనీసం, 32 పడితే మరీ మంచిది. రిమ్మును పట్టే మామూలు పొట్టి బ్రేకులున్న ఫ్రేముల్లో సాధారణంగా 28 కంటే వెడల్పు పట్టదు, పొడుగు బ్రేకులు గానీ డిస్కు బ్రేకులు గానీ ఉన్నవాటిలో పడుతుంది. వెనక క్యారియరు, మడ్గార్డులు బిగించడానికి ఫ్రేము మీద మర రంధ్రాలు ఉన్నాయా అన్నది రెండో ప్రశ్న. మీరు పుస్తకాలు, టిఫిను మోయాలి. వీపున సంచి వేసుకుని ఏప్రిల్‌లో ఇరవై కిలోమీటర్లు తొక్కితే చొక్కా మార్చుకోకుండా తరగతిలోకి పోలేరు. మనకు ఏడాదిలో ఎక్కువ వాన కురిసేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మడ్గార్డు లేని సైకిలు ఆ బురదనంతా మీ వీపు మీద గీతగా వేస్తుంది.

గేర్ల విషయంలో, షిమానో అనే జపాను కంపెనీ చేసే రోడ్ బైకు భాగాలలో అన్నిటికంటే కింది మెట్టు టోర్నీ, దాని పైన ఎనిమిది పళ్ళచక్రాల క్లారిస్, ఆ పైన తొమ్మిది చక్రాల సోరా. మీ డబ్బుకు కొత్తదానిలో టోర్నీ వస్తుంది, మన చదును దారికి అది చాలు. చూసుకోవలసింది గేరు మీట ఎక్కడ ఉందో. కొన్ని చౌక సైకిళ్ళలో మీటలు హ్యాండిలు పైభాగంలోనో మధ్య గొట్టం దగ్గరో ఉంటాయి, గేరు మార్చాలంటే బ్రేకు మీది చెయ్యి తీయాలి. ఖాళీ రోడ్డు మీద అది ఇబ్బంది కాదు, గేదెల మంద అడ్డం వచ్చే సర్వీసు రోడ్డు మీద మాత్రం ఇబ్బందే. బ్రేకు మీటతోనే గేరు మారే అమరిక దొరికితే దానికి రెండు మూడు వేలు ఎక్కువ పెట్టినా తప్పు లేదు. వెనక చక్రంలో పళ్ళచక్రాలు మర మీద తిప్పి బిగించే ఫ్రీవీలా, జారవిడిచి బిగించే క్యాసెట్టా అన్నది కూడా అడగండి. ఫ్రీవీలు ఉన్న చక్రంలో ఇరుసుకు ఆనే గోళీలు లోపలికి ఉంటాయి కాబట్టి గుంతల్లో ఇరుసు వంగే అవకాశం ఎక్కువ. ఫ్రీవీలు ఉన్నంత మాత్రాన వదిలేయనక్కర లేదు, ఆ సైకిలు మీద బరువైన సంచులు వేయకపోతే చాలు. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ళ మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, పాత వీడియోలలో చెప్పిన ధరలను పట్టుకుని బేరానికి దిగకండి.

సైజు దుకాణదారు చెప్పినదాన్ని బట్టి కాక మీ కాలి కొలతను బట్టి తీసుకోవాలి. చెప్పులు లేకుండా గోడకు ఆనుకుని నిలబడి, కాళ్ళ మధ్య ఒక లావు పుస్తకాన్ని పైకి గట్టిగా ఆనించి, దాని పై అంచు నుంచి నేల దాకా కొలవండి. ఆ కొలతను 0.883తో హెచ్చిస్తే పెడళ్ళ ఇరుసు మధ్య నుంచి సీటు పై భాగం దాకా ఉండవలసిన ఎత్తు సుమారుగా వస్తుంది. 78 సెంటీమీటర్ల కాలికి 69 సెంటీమీటర్లు. ఇది మొదటి అంచనా మాత్రమే. మోకాలి ముందు భాగం నొప్పి పెడితే సీటు తక్కువగా ఉందని, వెనక భాగం లాగితే ఎక్కువగా ఉందని అనుకుని ఒక్కొక్క అర సెంటీమీటరు చొప్పున మార్చుకోండి. సీటు మీద కూర్చుని రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలని మన వైపు అందరూ సలహా ఇస్తారు, ఆ సలహా వింటే మోకాళ్ళు పోతాయి. రెండు సైజుల మధ్య ఊగిసలాట వస్తే చిన్నదాన్ని తీసుకోండి, చిన్న ఫ్రేము మీద సీటు పైకి లేపుకోవచ్చు గానీ పెద్ద ఫ్రేమును కుదించలేరు.

ఇప్పుడు అసలు విషయానికి, పంచర్లకు వస్తాను. మన రెండు జిల్లాలలో రోడ్ బైకుకు శత్రువు గుంత కాదు, ముల్లు. రోడ్డు అంచున మట్టి కలిసే చోట పల్లేరు కాయలు ఉంటాయి, వాటిలో ఏదో ఒక ముల్లు ఎప్పుడూ పైకే చూస్తుంది. మన వైపు చిల్లచెట్టు అనే సర్కారు తుమ్మ కంపను నరికి బండ్ల మీద తీసుకువెళ్ళే రోజులలో రోడ్డంతా ముళ్ళే. లారీ వస్తోందని తారు దిగి మట్టిలోకి వెళ్ళిన ప్రతిసారీ పంచరుకు దారి ఇచ్చినట్లే. ఇంటికి రాగానే రెండు చక్రాలనూ నెమ్మదిగా తిప్పుతూ టైరు చూసుకునే అలవాటు చేసుకోండి. ముళ్ళు సాధారణంగా మొదటిసారే ట్యూబు దాకా పోవు, టైరు రబ్బరులో ఇరుక్కుని ప్రతి చుట్టుకూ కొంచెం కొంచెం లోపలికి దిగుతాయి. ఆ సాయంత్రమే చిమటాతో పీకేస్తే మర్నాడు ఉదయం బడి గంటకు మీరు సమయానికి ఉంటారు. పంచరు పడినప్పుడు ట్యూబు మార్చి ఊరుకోకుండా, టైరు లోపలి వైపు ఒక గుడ్డ ముక్కతో చుట్టూ తుడవండి, ముల్లు మొన ఇంకా ఉంటే గుడ్డ దానికి తగులుకుంటుంది. దాన్ని వదిలేసి కొత్త ట్యూబు వేస్తే రెండో పంచరు ఖాయం.

పంచరు షాపుల గురించి మీరు భయపడనక్కర లేదు, మన వాళ్ళ చేతి నైపుణ్యానికి లోటు లేదు. ట్యూబు గీకి, సొల్యూషను రాసి, ముక్క అంటించే పని సన్న ట్యూబుకైనా అదే. చిక్కులు మూడు ఉన్నాయి. రోడ్ బైకు ట్యూబు వాల్వు సూదిలా సన్నగా ఉంటుంది, షాపులోని గాలి గొట్టం దానికి పట్టదు. వేలి గోరంత ఇత్తడి అడాప్టరు ఒకటి దొరుకుతుంది, దాన్ని వాల్వుకే తగిలించి ఉంచుకోండి. రెండవది, గాలి ఎంత కొట్టాలన్నది. మోటారు సైకిలు టైరుకు 25 నుంచి 36 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా కొడతారు, డెబ్భై కిలోల మనిషికి 28 మిల్లీమీటర్ల టైరులో 70 నుంచి 80 దాకా, 32 అయితే 55 నుంచి 65 దాకా ఉండాలి. వేలితో నొక్కి చూసి సరిపోయిందనుకుంటే గాలి తక్కువై, గుంతలో పడ్డప్పుడు రిమ్ముకూ రాయికీ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. అందుకే మీటరు ఉన్న నిలువు పంపు ఇంట్లో ఉండాలి, ఇంత సన్న టైరులో గాలి వారానికే చెప్పుకోదగినంత దిగిపోతుంది. మూడవది, టైరు విప్పడానికి షాపులో వాడే ఇనుప పట్టీలు అల్యూమినియం రిమ్ము అంచును చెక్కేస్తాయి, మీ ప్లాస్టిక్ లీవర్లు మీరే ఇవ్వండి.

టైరు కొనేటప్పుడు ఒక మాట గుర్తు పెట్టుకోండి. మన ఊళ్ళ సైకిలు షాపులలో 28 సైజు టైరు అని అడిగితే పాత నల్ల సైకిళ్ళకు వేసే టైరు ఇస్తారు, దాని లోపలి వ్యాసం 635 మిల్లీమీటర్లు. మీ రోడ్ బైకు రిమ్ముకు కావలసింది 622. పదమూడు మిల్లీమీటర్ల తేడా చూడగానే కనబడదు గానీ, ఆ టైరు మీ రిమ్ము మీద నిలవదు. టైరు పక్కన 28-622 అన్న అంకె చదివి తీసుకోండి. ఇవి ఒంగోలులో అవసరమైన రోజునే దొరుకుతాయని నమ్ముకోకుండా చెన్నైలోనో విజయవాడలోనో సైకిలు కొన్న రోజే రెండు ట్యూబులు, ఒక టైరు అదనంగా తెచ్చుకోండి.

సముద్రం దగ్గర ఉన్న వారికి ఉప్పు గాలి సమస్య ఒకటుంది. కొత్తపట్నం వెళ్ళి వచ్చిన రోజున ఇసుకలోకి సైకిలు దింపకపోయినా గాలిలోని ఉప్పు మరల మీద పేరుకుంటుంది, రొయ్యల చెరువుల మధ్య వెళ్ళే రోడ్ల మీద కూడా అంతే. తడి గుడ్డతో ఫ్రేమును, పొడి గుడ్డతో చైనును తుడిచి, చైను లింకు లింకుకూ ఒక్కొక్క చుక్క చైను నూనె వేసి, పది నిమిషాలాగి పైకి కనిపించే నూనెనంతా తుడిచేయండి, పైన మిగిలిన నూనె దుమ్మును పట్టే జిగురవుతుంది. వంట నూనె, ఇంజను ఆయిలు వద్దు. కిరోసిను చైను కడగడానికి పనికి వస్తుంది, అదీ చైను విప్పి కడిగేటప్పుడే; చక్రాల ఇరుసుల దగ్గరికి అది పోతే లోపలి గ్రీజు కరిగిపోతుంది. మోటారు సైకిళ్ళకు నీళ్ళు చిమ్మి కడిగే చోట ఇచ్చినా అదే జరుగుతుంది. సీటు కడ్డీని ఏడాదికి రెండుసార్లు బయటికి తీసి గ్రీజు రాసి దించండి, లేకపోతే చెమట, ఉప్పు కలిసి దాన్ని ఫ్రేములోనే బిగించేస్తాయి, తర్వాత ఎవరి వల్లా కాదు. చైను ఎప్పుడు మార్చాలో తెలుసుకోవడానికి అంగుళాల స్కేలు చాలు: ఒక పిన్ను మధ్య నుంచి, దాన్ని వదిలి లెక్కపెడితే వచ్చే ఇరవై నాలుగో పిన్ను మధ్యకు పన్నెండు అంగుళాలు ఉండాలి. అది అంగుళంలో పదహారో వంతు పెరిగితే చైను మార్చే సమయం వచ్చినట్లు, ఎనిమిదో వంతు పెరిగేదాకా ఊరుకుంటే వెనక పళ్ళచక్రాలు కూడా అరిగి వాటినీ కొనవలసి వస్తుంది. చీమకుర్తి వైపు గ్రానైటు పొడి మధ్య తిరిగే వారి చైనులు త్వరగా అరుగుతాయి. ఆ దారిలో దిమ్మెల లారీలు కూడా ఎక్కువే కాబట్టి సరదా ప్రయాణాలకు దాన్ని నేను ఎంచుకోను.

కొత్త సైకిలుకు మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లలో కేబుళ్ళు సాగుతాయి, స్పోకులు కూడా కొద్దిగా వదులవుతాయి. గేరు సరిగా పడకుండా టకటకమంటే వెనక గేరు యంత్రం దగ్గర కేబులు దూరే చోట ఉన్న చిన్న గుండ్రటి మరను పావు చుట్టు చొప్పున తిప్పి చూడండి, చాలాసార్లు దానితోనే సరిపోతుంది. రిమ్ము బెండు తీయించడానికి మాత్రం అనుభవం ఉన్న షాపుకే వెళ్ళండి. పాఠశాలలో సైకిలును గదిలోనో మీ కంటికి కనిపించే చోటో పెట్టండి, దొంగల కంటే పిల్లల భయం ఎక్కువ. ఆగి ఉన్న సైకిలు గేరు మీటను ఎవరో ముచ్చటపడి నాలుగుసార్లు నొక్కి వెళితే, సాయంత్రం మీరు మొదటి తొక్కుడు తొక్కగానే చైను ఎగిరి స్పోకులలో పడుతుంది. బయలుదేరే ముందు వెనక చక్రం పైకెత్తి పెడలు ఒక చుట్టు తిప్పడం అందుకే.

ఎన్‌హెచ్-16 మీద సర్వీసు రోడ్డు ఉన్నంత మేర దాన్నే పట్టుకోండి, లేని చోట తెల్ల గీతకు ఎడమ పక్కన ఉండండి, కానీ గీత అంచుల మీది మెరిసే దిమ్మెలను, వేగం తగ్గించే అడ్డ గీతల వరుసలను ముందే చూసుకుని తప్పించాలి. అపసవ్య దిశలో వచ్చే మోటారు సైకిళ్ళు మీకు లారీల కంటే ఎక్కువగా ఎదురవుతాయి. పొగాకు వేలం జరిగే నెలలలో టంగుటూరు వేలం కేంద్రం దగ్గర బేళ్ళ ట్రాక్టర్లు ఒక్కసారిగా మలుపు తిరుగుతాయి, అక్కడ వేగం తగ్గించండి. పల్లె రోడ్ల మీద ధాన్యం ఆరబోసినప్పుడు చుట్టూ పెట్టిన రాళ్ళు చీకట్లో కనబడవు, వెనక ఎర్ర లైటుతో పాటు ముందు దారి కనిపించేంత వెలుగున్న లైటు తీసుకోండి. రైలు పట్టాలు దాటేటప్పుడు చక్రం పట్టాకు సరిగ్గా అడ్డంగా వెళ్ళాలి, ఏటవాలుగా వెళితే సన్న టైరు సందులో దిగబడుతుంది. కుక్కలు వెంటబడితే దిగి, సైకిలును మీకూ వాటికీ మధ్య పెట్టుకుని నడవండి, నాలుగడుగులకు వాటికే విసుగు వస్తుంది.

ఎండాకాలంలో పొద్దున్నే ఆరు లోపు బయలుదేరండి. సాయంత్రం అయిదు దాటే దాకా పాఠశాలలోనే ఉండగలిగితేనే ఆ నెలల్లో సైకిలు మీద వెళ్ళండి, వడగాలి వీచే రోజున బస్సు ఎక్కడంలో చిన్నతనం ఏమీ లేదు. గంట ప్రయాణానికి ఒక లీటరు నీళ్ళు ఉండాలి. ఓఆర్ఎస్ వాడితే పొట్లం మీద రాసినంత నీటిలోనే, సాధారణంగా లీటరులో, మొత్తం పొట్లం కలపండి, సగం పొడి సగం సీసాలో అన్న అంచనాలు వద్దు. ఉప్పు వేసిన పలచటి మజ్జిగ కూడా మంచిదే, ప్లాస్టిక్ సీసాలో వాసన వేస్తుందన్న ఇబ్బంది తప్ప.

చివరగా మీరు అడిగిన పాత సైకిలు విషయం. క్లారిస్ గేర్లున్న సైకిలు కొత్తది మీ బడ్జెటుకు అందదు గానీ పాతది అందవచ్చు, చెన్నైలో ఉత్సాహంగా కొని నాలుగు నెలలు తొక్కి వదిలేసిన సైకిళ్ళు అమ్మకానికి వస్తూనే ఉంటాయి. ఫోటో చూసి డబ్బు పంపవద్దు. హ్యాండిలు కింద రెండు గొట్టాలు కలిసే అతుకు దగ్గర రంగు వెంట్రుక వాసి పగిలినా ఆ ఫ్రేమును వదిలేయండి. రిమ్ము పక్క గోడను వేలితో తడిమి చూడండి, బ్రేకు రబ్బరు రాసుకునే చోట పల్లం పడి ఉంటే రిమ్ము అరిగిపోయినట్లు. సీటు కడ్డీ పైకీ కిందికీ కదులుతుందో లేదో మీ ఎదుటే తిప్పించండి. స్కేలుతో చైను కొలవండి. చక్రాలను పట్టి పక్కలకు ఊపితే లొడలొడ ఉండకూడదు. ఇవన్నీ బాగుంటే పాత టైర్లకు, బ్రేకు రబ్బర్లకు, చైనుకు మరో నాలుగు వేలు అవుతుందని లెక్క వేసి, ఆ నాలుగు వేలు ధరలో తగ్గించమని అడగండి.